రూపచిత్రమునకు ఏ లెన్సు మేలు?

మైదుకూరునుండి మా చదువరియగు నొక సోదరి మాకు జాబు వ్రాసినారు. ఆమె యింట కెమేరా యున్నది. దానితోపాటు వచ్చిన చిన్న లెన్సుతో పండుగలకును, పేరంటములకును బొమ్మలు తీయుచున్నారు. ఇంటిలో వృద్ధురాలగు అత్తగారున్నారు. ఆమెకు మంచి రూపచిత్రము నొకదానిని తీసి దాచుకొనవలెనని వీరి కోరిక. అందులకు దూరపు లెన్సు, అనగా టెలిఫోటో లెన్సు, కొనవలెనని తలచినారు. కుమారుడు ఆటోఫోకసు లెన్సునే కొనుమనుచున్నాడట. చేతితో త్రిప్పి కుదుర్చుకొను లెన్సు దాని వెలలో సగమునకే దొరకుచున్నదట. ఏది కొనినచో ధనము వ్యర్థము కాదని వారి ప్రశ్న. ఇట్టి ప్రశ్న మఱికొందఱి యిండ్లలోను ఉండదగినది గావున, వారికి వేఱుగా జాబు వ్రాయుటకు మాఱుగా నీ నెల యీ పుటలయందే ప్రత్యుత్తరమిచ్చుచున్నాము.

ఈ కోరికను వట్టి వేడుకగా నెంచరాదు. ఇంటి పెద్దలు కాలము చేసిన దినమున మొట్టమొదట వెదకు వస్తువులలో ఫోటో యొకటి. దండ వేయుటకు పటము కావలెను. అంతట పెట్టెలు వెదకుదురు. పెండ్లి ఆల్బములు తిరుగవేయుదురు. గుంపులో నేమూలనో సగము ముఖము కనబడును. తుదకు ఆధారు కార్డు మీదనో, రేషను కార్డు మీదనో యున్న తపాలాబిళ్ళంత బొమ్మను స్టూడియోకు పంపి పెద్దది చేయింతురు. వారు ఆ తలకు వేఱొక చీరను, వేఱొక వెనుకతెరను అతికించి యిత్తురు. వరుసలో నిలిచి, గుమాస్తా కదలవద్దనగా ఒక్క నిమిషము కలిగిన బెదురు ఆ ముఖమున శాశ్వతముగా నిలిచిపోవును. మనుమలును, మునిమనుమలును తమ జేజిని ఆ బెదురుతోనే యెఱుగుదురు. బొమ్మ తీసినచో ఆయువు తగ్గునను శంక యింకను కొందఱు పెద్దలలో నున్నది. ఆ శంక తీర్చి, వారిని కూర్చుండబెట్టి, వారికి సహజమైన ముఖమును నిలుపగలవారు ఇంటిలోని స్త్రీలే గాని అంగడివారు కారు.

ఈ సంగతిని మన తెలుగుదేశమున నూటముప్పది యేండ్లకు మునుపే గుర్తించినవారున్నారు. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖానుగారి ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీనదయాళు (1844-1905) 1892లో హైదరాబాదునందు స్త్రీలకు మాత్రమే ప్రత్యేకముగా నొక స్టూడియో నెలకొల్పెను. దానిని నడపినది కెన్నీ-లెవిక్ అను నొక ఆంగ్లవనిత. ఘోషాలో నుండు స్త్రీలు పరపురుషుని యెదుట కూర్చుండరు గావున కెమేరా వెనుక స్త్రీయే యుండవలసి వచ్చెను. నేడు ఘోషా తగ్గినది. ఐనను, క్రొత్తవాని యెదుట బిగిసిపోవు వృద్ధురాలు కోడలి యెదుటనో, కుమార్తె యెదుటనో నవ్వుట మనమెఱుగుదుము. ఈ మేలు ఏ లెన్సువలనను రాదు. ఇది మన యింటనే యున్నది. ఇక లెన్సు సంగతి చూతము.

దూరపు లెన్సు ఎందులకు?

చేతిఫోనుతో దగ్గఱనుండి తీసిన ముఖము ఏల వికారముగా నుండునో మొదట తెలిసికొనవలెను. ముక్కు కొనకును చెవికిని నడుమ సుమారు 12 సెంటీమీటర్ల యెడముండును. అరమీటరు దూరమునుండి చూచునప్పుడు ముక్కు 50 సెంటీమీటర్లలోను, చెవి 62 సెంటీమీటర్లలోను ఉన్నవి. కావున చెవితో పోల్చగా ముక్కు ఇంచుమించు నాలుగవవంతు పెద్దదిగా కనబడును. రెండు మీటర్ల దూరమున నిలిచినచో ఈ భేదము నూటికి ఆఱుపాళ్ళు మాత్రమే. అప్పుడు ముఖము మనము ఎదుట కూర్చుండి మాటలాడునపుడు చూచునట్లు ఉండును. కాబట్టి ముఖమును చక్కబఱచునది లెన్సు కాదు, మనము నిలిచిన దూరము. ఆ దూరమునుండియు ముఖము చిన్నదై పోకుండ చట్రము నిండ కనబఱచుటయే దూరపు లెన్సు చేయు పని.

రూపచిత్రములకు 85, 105, 135 మిల్లీమీటర్ల లెన్సులు పేరుపడినవి. పెద్ద సెన్సారు గల కెమేరాపై 85 మిల్లీమీటర్ల లెన్సును నిలువుగా పట్టుకొని రెండు మీటర్ల దూరమునుండి చూచినచో సుమారు 85 సెంటీమీటర్ల యెత్తు చట్రములో ఇముడును. కూర్చున్న మనిషి తలనుండి నడుమువఱకు వచ్చును. 135 మిల్లీమీటర్ల లెన్సుతో ఆ దూరమునుండియే తలయు, భుజములును మాత్రము వచ్చును. పెక్కు గృహములలో నుండునది చిన్న సెన్సారు గల కెమేరా. దానిపై ఏ లెన్సైనను ఒకటిన్నర రెట్లు దూరపుదిగా పనిచేయును. 50 మిల్లీమీటర్లది 75 వలెను, 85 మిల్లీమీటర్లది ఇంచుమించు 128 వలెను ఉండును. మన మిద్దె యిండ్ల గదులు పది పండ్రెండడుగులకు మించవు. అందు 135 లెన్సు పట్టుకొనిన వీపు గోడకు ఆనును. ఇంటిలోపల తీయదలచినవారు చిన్న సెన్సారు కెమేరాకు 50 మిల్లీమీటర్లదానినే కొనుట మేలు. అది వెలలోను అన్నిటికంటె చవుక.

చూపు కుదుర్చుట

ఇక చేయి, యంత్రము అను వాదము. లెన్సు వెలుతురు నంతయు ఒక దూరమునకు మాత్రమే తేటగా కుదుర్చగలదు. ఆ దూరమునకు ముందు వెనుకల కొంతమేర మన కంటికి తేటగా తోచును. ఆ మేర యెంత అనుటపైననే ఈ ప్రశ్న యంతయు ఆధారపడియున్నది.

పెద్ద సెన్సారు గల కెమేరాపై 85 మిల్లీమీటర్ల లెన్సును ఎఫ్ 1.8 వఱకు తెఱచి రెండు మీటర్లలో నున్న మనిషిని చూచినచో తేటయైన మేర ఆఱు సెంటీమీటర్లకు మించదు. కన్ను తేటగా నున్నను చెవి మసకబాఱును. దానినే ఎఫ్ 4కు మూసినచో మేర పదుమూడు సెంటీమీటర్లగును. ముక్కునుండి చెవివఱకు ముఖమంతయు ఇముడును. ఎఫ్ 5.6కు మూసిన పదునెనిమిది. 135 లెన్సును ఎఫ్ 2కు తెఱచితిమా, మేర రెండున్నర సెంటీమీటర్లు మాత్రమే. ముసలమ్మ ఊపిరి తీసికొని వదలునంతలో ఆ మేర తప్పిపోవును. తీయువారు కొంచెము ముందునకు ఊగినను తప్పును. వెనుకనున్న గోడయు, గిన్నెలును మసకబాఱి ముఖము మాత్రము వెలుగవలెనని అందఱును లెన్సు పూర్తిగా తెఱచి తీయ గోరుదురు. ఆ సొగసునకు వెల యీ ఇఱుకైన మేర.

పూర్వపు చిత్రములన్నియు చేతితో కుదిర్చినవే. 1840లో వియన్నా నగరమున జోసఫ్ పెట్జ్‌వాల్ అను గణితజ్ఞుడు రూపచిత్రములకై ప్రత్యేకముగా నొక లెన్సును గణించెను. అంతకు మునుపు ముఖచిత్రమునకు నిమిషములకొలది కదలక కూర్చుండవలసి యుండగా, ఆ లెన్సు చాల హెచ్చుగా వెలుతురు నిచ్చి ఆ కాలమును సెకనులలోనికి తెచ్చెను. 1815లో కలకత్తాలో పుట్టిన జూలియా మార్గరెట్ కామెరాన్ అను నామె నలుబది యెనిమిదవయేట, 1863లో, కుమార్తె కానుకగా నిచ్చిన కెమేరాతో ఈ విద్య నారంభించెను. ఆమె తీసిన ముఖములు కొంత మసకగా నుండును. కంటికి అందముగా తోచినచోటనే తాను చేయి నిలిపితిననియు, ఇంకను తేటపఱచుటకు యత్నింపలేదనియు ఆమె చెప్పుకొనెను. నాడు కొందఱు నవ్విరి. నేడు ఆ చిత్రములను వస్తుప్రదర్శనశాలలు భద్రపఱచుచున్నవి. మన దేశమున పత్రికా ఛాయాగ్రహణమునకు మొదటి స్త్రీయగు హోమాయ్ వ్యారావాలా (1913-2012) మోసినవియు చేతితో కుదుర్చుకొను బరువైన కెమేరాలే. ఆమెకు 2011లో పద్మవిభూషణ బిరుదము లభించెను. 1984లో పెషావరు దగ్గఱ శరణార్థుల శిబిరమున స్టీవ్ మెకర్రీ తీసిన ఆఫ్గను బాలిక చిత్రమును చూడనివారరుదు. అదియు 105 మిల్లీమీటర్ల చేతి లెన్సుతో తీసినదే. లోకమంతయు ఎఱిగిన ఆ ముఖము గల బాలిక పేరు మాత్రము 2002 వఱకు లోకమునకు తెలియలేదు. ముఖమును గైకొనునపుడు పేరును, ఆ మనిషి యిష్టమును కూడ అడుగవలయునని దీనివలన నేర్చుకొనవలసియున్నది.

ఆటోఫోకసు వయస్సు ఇంకను అర్ధశతాబ్దమే. 1977లో కోనికా వారు తమంతట ఫోకసు కుదుర్చుకొను చిన్న కెమేరాను విక్రయించిరి. లెన్సులు మార్చుకొను పెద్ద కెమేరాలలో 1985లో వచ్చిన మినోల్టా 7000 ఈ విద్యను నిలబెట్టెను. నేటి అద్దములేని కెమేరాలు, అనగా మిఱ్ఱర్‌లెస్ కెమేరాలు, మనిషి కంటిని తామే పోల్చి, ఆ కంటిపై చూపు నిలిపి, మనిషి కదలినను విడువకుండ వెంబడించుచున్నవి.

యంత్రమునకు గల మేళ్ళు

ఇల్లంతయు పరుగెత్తు బిడ్డలను తీయవలెననిన యంత్రమే తగినది. ఇందు వాదము లేదు. పెండ్లిలో తలంబ్రాల వేళ, బ్రహ్మంగారి మఠము ఆరాధనోత్సవముల గుంపులో, చేతితో త్రిప్పుచు కూర్చుండినవారికి వీపులే దక్కును. నలుబది దాటి చత్వారము వచ్చిన సోదరీమణులకును యంత్రము మేలు. సూదిలో దారమెక్కించుట కష్టమైన కంటికి, చిన్న గవాక్షములో జూచి రెప్పవెండ్రుక తేటపడినదో లేదో చెప్పుటయు కష్టమే. కెమేరాల కనుగవాక్షము ప్రక్కను చూపును సరిచేయు చిన్న చక్రముండును. అద్దాలు పెట్టుకొనువారు ముందుగా దానిని త్రిప్పి లోపలి అక్షరములు తేటగా కనబడునట్లు చేసికొనవలెను. ఇది తెలియక లెన్సును నిందించువారు పలువురు.

యంత్రమునకు లోపములును ఉన్నవి. పాతరకపు అద్దము గల కెమేరాలు దగ్గఱగా నుండి మెఱయు వస్తువునే పట్టుకొనును. ముక్కుపుడక, కంటద్దముల చట్రము, జరీయంచు, తలలోని మల్లెచెండు తేటబడి, కన్ను మసకబాఱుట తఱచు. నడిమి చుక్క నొక్కదానినే యుంచుకొని దానిని కంటిపై నిలిపి తీయుట దీనికి మందు. మఱియు అట్టి కెమేరాలలో చూపు కుదుర్చు భాగము వేఱు, బొమ్మ పడు భాగము వేఱు గావున రెంటికిని కొంచెము తేడా యుండవచ్చును. బొమ్మలన్నియు చెవిమీదనే తేటపడుచున్నచో కారణమిదియే. అద్దములేని కెమేరాలు బొమ్మ పడు చోటనే చూపు కుదుర్చును గావున వాటి కీ తేడా పుట్టదు. వెలుతురు చాలని గదిలో పాత యంత్రము కుదురక లెన్సును ముందు వెనుకకు త్రిప్పుచుండును. ఆ కూతకు పెద్దలు బెదరి కన్నులు మూయుదురు.

చేతికి గల మేళ్ళు

చేతి లెన్సు మొదటి గుణము చవుక. కొరియా దేశపు సామ్యాంగు వారు 85 మిల్లీమీటర్లు, ఎఫ్ 1.4 గల చేతి లెన్సును అమ్ముచున్నారు. అట్టి వెలుతురు గల ఆటోఫోకసు లెన్సుల వెల దానికి ఎన్నియో రెట్లు. సోవియట్టుల కాలమున చేసిన 85 మిల్లీమీటర్ల జూపిటర్ 9 మొదలగు పాత లెన్సులు నేటికిని చేతులు మాఱుచున్నవి. రెండవ గుణము, దాని త్రిప్పుడు. దాని కడియము దీర్ఘముగా, బరువుగా తిరుగును. వెండ్రుకవాసి జరుపుటకు వీలు. ఆటోఫోకసు లెన్సు కడియమును చేతితో త్రిప్పవచ్చునుగాని, త్వరపడు యంత్రమునకై చేసినది గావున కొంచెము కదలించినంతనే చాల దూరము పోవును. మూడవ గుణము, అందు చెడిపోవు మోటారు లేదు.

మూడవ గుణము మైదుకూరు సీమకు తగినట్టిది. మన వేసవి యెండకు, దుమ్మునకు సున్నితమైన మోటార్లు ఓర్చుకొనవు. సముద్రతీరపు ఊళ్ళలో గాలి తేమకు లెన్సు గాజుపై బూజు పట్టును. రాయలసీమ పొడిగాలిలో ఆ భయము తక్కువ. కాని వేడివలన పాత లెన్సులోని జిడ్డు కరగి ఎపర్చరు రేకులపైకి ప్రాకును. అప్పుడు రేకులు బిగిసిపోవును. కావున మిద్దెపై యెండలోను, నిలిపిన కారులోను లెన్సును ఉంచరాదు. పసుపు ఆరబోసిన కళ్ళములో, వడ్లు తూర్పారబట్టు చోట లెన్సు మార్చరాదు.

చేతి లెన్సు లోపము ఒక్కటే, కాని పెద్దది: అది నేర్పును కోరును. పాత ఫిలిము కెమేరాల గవాక్షములో రెండుగా చీలిన బొమ్మ ఒకటైనప్పుడు చూపు కుదిరినదని తెలియు ఏర్పాటుండెను. నేటి అద్దపు కెమేరాలలో అది సాధారణముగా లేదు. ఎఫ్ 1.4, 1.8 లకు తెఱచిన లెన్సుయొక్క మేర యెంత ఇఱుకో ఆ గవాక్షము చూపజాలదు. తేటగా నున్నదని తోచినను, తీసి చూచిన మసకగా నుండును. అద్దములేని కెమేరాలో ఈ కష్టము లేదు. కంటిభాగమును పదింతలు పెద్దదిగా జేసి చూడవచ్చును. తేటపడిన అంచులను రంగుగీతతో చూపు ఏర్పాటును ఉన్నది. కాబట్టి కెమేరా యేదో తెలియక లెన్సు నెంచుట, కొలత తెలియక రవిక కుట్టించుట వంటిది.

కొనువేళ చూడవలసినవి

మొదట లెన్సు మన కెమేరా మూతికి అమరునో లేదో చూడవలెను. కెనాన్ ఈఎఫ్ ఆటోఫోకసు లెన్సులన్నిటిలోను మోటారు లెన్సులోనే యున్నది. నైకాన్‌లో అట్లు కాదు. పాత డి రకపు లెన్సులకు కెమేరాలోని మోటారు కావలెను. డి 3500, డి 5600 వంటి చిన్న కెమేరాలలో ఆ మోటారు లేదు. వాటికి డి రకపు ఆటోఫోకసు లెన్సును కొనినచో అది చేతి లెన్సుగానే మిగులును. ఈ తెలియమిచే ధనము పోగొట్టుకొనువారున్నారు. ఇదిగాక ఆ చిన్న కెమేరాలు పాత చేతి లెన్సులతో వెలుతురును కొలిచి చెప్పవు. తీసి చూచి సరిచేసికొనవలెను. మఱచుట్టు మూతి గల సోవియట్టు లెన్సులు వట్టి కడియముతో కెనాన్ కెమేరాలకు అమరును. నైకాన్ అద్దపు కెమేరాలపై దూరపు కొండలు కుదురవు గాని, గదిలోని ముఖమునకు లోటు లేదు. అద్దములేని కెమేరాలకు ఇంచుమించు అన్ని పాత లెన్సులును కడియముతో అమరును.

వాడిన లెన్సు కొనువారు దానిని చేత పట్టుకొని ఒక ప్రక్కనుండి టార్చిదీపము వేసి రెండవ ప్రక్కనుండి చూడవలెను. సాలెగూటి పోగులవంటివి కనబడినచో అది బూజు, వదలివేయవలెను. నాలుగైదు దుమ్ముకణములకు భయపడనక్కఱలేదు. ఎపర్చరు కడియమును త్రిప్పి రేకులు చప్పున మూసికొని తెఱచుకొనుచున్నవా, నూనెమెఱుగున్నదా చూడవలెను. ఫోకసు కడియము ఎచటను పట్టక, వదులుగాక, వెన్నలో గరిటె వలె తిరుగవలెను.

మా తీర్పు

ఇంటికి ఒక్క లెన్సే కొనగలవారు, చిన్నబిడ్డలున్నవారు, అద్దపు కెమేరా గలవారు ఆటోఫోకసు లెన్సునే కొనవలెనని మా యభిప్రాయము. ఎఫ్ 1.4 కై పోనక్కఱలేదు, ఎఫ్ 1.8 గలది చాలును. ఏలనన రూపచిత్రమును ఎఫ్ 2.8కును ఎఫ్ 4కును నడుమ తీయుటయే క్షేమమని పై లెక్కలవలన తెలిసినది. ఆటోఫోకసు లెన్సును చేతితోను త్రిప్పవచ్చును. చేతి లెన్సు ఎన్నడును ఆటోఫోకసు కానేరదు. పెట్టుబడి ఒకటే యైనపుడు రెండు పనులు చేయుదానిని కొనుట గృహిణికి తెలిసిన నీతియే.

అద్దములేని కెమేరా యున్నవారు, తీయదలచినది కదలక కూర్చుండు పెద్దలను మాత్రమే యైనవారు, ధనము కొంచెమే యైనవారు, నేర్చుకొను ఓపిక గలవారు చేతి లెన్సును నిర్భయముగా కొనవచ్చును. వారు ఎదుటివారిని తొందరపెట్టరు, తామును తొందరపడరు. కడియము త్రిప్పుచున్నంతసేపు మాటలాడుదురు. వృద్ధులకు కావలసినది ఆ మాటయే.

మైదుకూరు సోదరి తన కెమేరా అద్దము గలదని వ్రాసినారు. ఇంట చిన్నబిడ్డలును ఉన్నారు. కాబట్టి వారి కుమారుని మాటయే సరియైనది. చిన్న సెన్సారు కెమేరా గావున 50 మిల్లీమీటర్లు, ఎఫ్ 1.8 గల ఆటోఫోకసు లెన్సును కొనవలెను. కెమేరాలో మోటారు లేనిచో మోటారు గల లెన్సునే అడుగవలెను. దీని వెల 85 వెలకంటె చాల తక్కువ. కుమారుడు కోరిన పనియు, తల్లి కోరిన పొదుపును రెండును ఇందు సమకూరును.

ఒక్క మాట మాత్రము గట్టిగా చెప్పుచున్నాము. లెన్సు వచ్చువఱకు అత్తగారి చిత్రమునకై వేచియుండరాదు. కెమేరాతో వచ్చిన 18-55 లెన్సును 55 దగ్గఱకు త్రిప్పినచో అదియు ఇంచుమించు 82 మిల్లీమీటర్ల రూపచిత్రపు లెన్సే. ఎఫ్ 5.6 వద్ద రెండు మీటర్ల దూరమున దాని తేటయైన మేర సుమారు ముప్పది సెంటీమీటర్లు; చూపు కొంచెము తప్పినను ముఖము మసకబాఱదు. వెనుకగోడ అంతగా మసకబాఱకపోవచ్చును. గోడ సొగసుకొఱకు ముఖమును పోగొట్టుకొనువారు లేరు గదా.

ఉదయము ఎనిమిదింటిలోపలనో, సాయంకాలము ఎండ వాలిన పిమ్మటనో, వీధి అరుగుపైనగాని తలవాకిట గడపకు లోపలగాని ఆమెను కూర్చుండబెట్టవలెను. నడిమధ్యాహ్నపు ఎండ కన్నులను గుంటలు చేయును. మిద్దె గవాచినుండి నేరుగా పడు వెలుతురును అట్టిదే. ఆ వెలుతురు వాడవలసివచ్చినచో ఒడిలో తెల్లని పంచె పఱచిన క్రిందినుండి కొంత వెలుతురు ముఖమునకు ఎగయును. ఎదుట సున్నము కొట్టిన గోడ యున్న మఱియు మంచిది. వెనుక రంగుల కాలెండరు లేకుండ చూడుడు. ఆమె అనుదినము కట్టు చీరయే కట్టవలెను. కంటద్దములు నిత్యము పెట్టుకొనునదైన తీయింపరాదు. మెఱుపు పడుచున్నచో గడ్డమును కొంచెము దించుమనవలెను. షట్టరు వేగము సెకనులో 125వ వంతుకు తగ్గనీయరాదు. చుక్కను దగ్గఱి కంటిపై నిలిపి, ఏదైన పాతమాట అడిగి, ఆమె చెప్పుచుండగా పది పదునైదు తీయవలెను. పెండ్లినాటి సంగతియో, కరవునాటి సంగతియో, కేసీ కాలువకు నీరు వచ్చిన నాటి సంగతియో అడుగుడు. ముఖము తనంతట విచ్చుకొనును.

తీసినవానిలో నొకదానిని ఆ వారములోనే కాగితముపై అచ్చువేయించి, వెనుక పెన్సిలుతో ఆమె పేరు, ఊరు, తేది వ్రాసి పెట్టెలో ఉంచవలెను. ఫోనులు మాఱును, పగులును, పోవును. ఆమెకు కూడ ఒకటి చూపవలెను. తన ముఖమును అట్లు చూచుకొనుట ఆమెకు అదియే మొదటిసారి కావచ్చును.

చదువరులలో మఱెవరికైనను కెమేరాపేరు, సెన్సారు కొలత, ఇంటిలో తీయదలచినవారి వయస్సు తెలుపుచు వ్రాసినచో రానున్న మాసములలో ప్రత్యుత్తరమీయగలము.